ఏడుగురు పడతుల ఆట

రాజుల చరిత్రలును యుద్ధముల చరిత్రలును మనము చిన్ననాటినుండి చదువుచునే యున్నాము. ఆటలకు గూడ చరిత్ర కలదనియు, ఒక దేశము తన ఆడుబిడ్డలను ఏ కంటితో చూచినదో ఆ చరిత్రవలన తెలియుననియు మనము తరచుగా తలపము. నేటి ప్రసంగమునకు విషయము అట్టి చరిత్రలోని యొక చిన్న యధ్యాయము. 2015వ సంవత్సరము డిసెంబరు మొదలు 2016వ సంవత్సరము ఆగష్టు వరకు, తొమ్మిది మాసములలో, పలుదేశముల స్త్రీలు ఆడిన ఏడుగురి రగ్బీ పోటీల కథ యిది.

మన పల్లెలలో రగ్బీ యను పేరు వినినవారు తక్కువ. కావున ముందుగా ఆ యాట తీరు కొంచెము చెప్పుదును. ఇందలి బంతి గుండ్రముగా నుండదు. కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో తోడివారికి విసరునపుడు ప్రక్కకో వెనుకకో విసరవలెనే గాని ముందుకు విసరరాదు. బంతి పట్టిన మనిషిని ఎదుటి జట్టువారు చేతులతో చుట్టి నేల కూల్పవచ్చును. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు తాకించినచో దానికి ట్రై యని పేరు. ట్రైకి 5 పాయింట్లు. ఆ పిమ్మట బంతిని తన్ని, రెండు స్తంభముల నడుమ అడ్డుకఱ్ఱ మీదుగా పోనిచ్చినచో మఱి 2 పాయింట్లు. తాను ముందుకు సాగవలెనన్న వెనుకనున్న తోడివారిని నమ్ముకొనవలెను. ఈ ఆటలోని కీలకమంతయు ఇదియే.

పెద్ద రగ్బీలో జట్టునకు 15 మంది, ఆటకు 80 నిమిషములు. ఏడుగురి రగ్బీలో జట్టునకు ఏడుగురు, ఏడేసి నిమిషములు రెండు భాగములు. మైదానము మాత్రము తగ్గదు. 15 మంది ఆడు నూఱు మీటర్ల పొడవుగల స్థలమునందే ఏడుగురును ఆడవలెను. కావున ఒక్కరు ఏమఱినను వెనుక అడ్డుపడువారు లేరు. మన చెడుగుడులోను జట్టునకు ఏడుగురే గదా. కూతబెట్టి వచ్చినవానిని పట్టు నేర్పును, పట్టు విడిపించుకొను నేర్పును ఎఱిగిన మన పెద్దలకు ఈ యాటలోని రుచి తెలియుట కష్టము కాదు.

మన దేశమునకు రగ్బీ బొత్తిగా క్రొత్తది గాదు. 1872లో క్రిస్మస్ పండుగనాడు కలకత్తాలోని యాంగ్లేయులు ఈ ఆట ఆడి, మఱుసటి సంవత్సరము ఒక సంఘమును స్థాపించిరి. కొన్ని యేండ్లకే ఆ సంఘము క్షీణించెను. అప్పుడు సభ్యులు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసికొని, వానిని కరగించి ఒక కప్పు చేయించిరి. దాని పిడులు మూడు త్రాచుపాములు. మూతపైన ఏనుగు బొమ్మ. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 మొదలుకొని నేటివరకు కలకత్తా కప్పు అను పేరున దానికొఱకే పోరాడుచున్నవి. మన రూపాయలు కరగి పరదేశపు పందెమున బహుమానమైన కథ యిది.

ఏడుగురి ఆట పుట్టుక స్కాట్లండులోని మెల్‌రోజ్ అను చిన్న పట్టణమున. 1883లో అచ్చటి రగ్బీ సంఘమునకు ధనము కొఱవడెను. ఒక పండుగ జరిపి నాలుగు డబ్బులు కూర్చవలెనని సభ్యులు తలంచిరి. కాని 15 మంది జట్లు పెక్కింటిని ఒక్క దినమున ఆడించుట సాధ్యము కాదు. నెడ్ హేగ్ అను మాంసపు వర్తకుడు, ఆ సంఘములో ఆటగాడు, మనుషులను ఏడుగురికి తగ్గించి కాలమును గూడ తగ్గింతమని సూచించెను. పేదరికము వలన పుట్టిన ఆ యుపాయమే కాలక్రమమున లోకమంతట వ్యాపించెను.

ఇంతవరకు చెప్పినదంతయు పురుషుల కథ. స్త్రీల కథ వేఱుగా నడచినది. ఐర్లండులోని ఎన్నిస్కిలెన్ పట్టణమున ఒక పాఠశాల కలదు. 1887 ప్రాంతమున ఎమిలీ వాలెంటైన్ అను పదేండ్ల బాలిక ఆ మైదానమున తన యన్నల జట్టులో ఒకరు తక్కువ పడగా కోటు విప్పి ఆటలో దిగి, బంతి పట్టి ట్రై చేసినట్లు పెద్దదైన పిమ్మట వ్రాసికొన్నది. రగ్బీ ఆడిన స్త్రీలలో మన కెఱుకపడిన మొదటివారిలో ఆమె యొకతె. అట్టి బాలికలు ఎందఱుండిరో, ఎందఱిని ఇంటివారు వెనుకకు పిలిచిరో వ్రాసినవారు లేరు.

నూఱేండ్లు గడచిన పిమ్మట, 1991 ఏప్రిల్‌లో, వేల్సు దేశమున స్త్రీల 15 మంది రగ్బీకి మొదటి ప్రపంచ కప్పు పోటీ జరిగెను. దానిని జరిపినది ప్రభుత్వము గాదు, అంతర్జాతీయ సంఘమును గాదు. లండను సమీపమున రిచ్‌మండ్ సంఘమున ఆడుకొను నలుగురు స్త్రీలు తమ యుద్యోగములు చేసికొనుచు, తీరిక వేళల ఉత్తరములు వ్రాసి 12 దేశముల జట్లను రప్పించిరి. సోవియట్ దేశపు జట్టువారి చేత విదేశపు పైకము లేకపోయెను. వారు అమ్ముకొనుటకై వోడ్కా సారా సీసాలను, బొమ్మలను వెంట తెచ్చుకొని సుంకపు అధికారుల కంట పడిరి. తుది యాటలో అమెరికా జట్టు ఇంగ్లండును 19–6తో గెలిచెను. అంతర్జాతీయ రగ్బీ సంఘము ఆనాడు ఆ పోటీని తనదిగా ఒప్పుకొనలేదు. చాల యేండ్లు గడచిన తర్వాతనే దానికి ప్రపంచ కప్పుగా గౌరవమిచ్చెను.

ఈ స్థితిని మార్చినది 2009వ సంవత్సరము. ఆ మార్చిలో దుబాయి నగరమున జరిగిన ఏడుగురి రగ్బీ ప్రపంచ కప్పులో పురుషులతోపాటు స్త్రీలకును తొలిసారిగా పోటీ నుంచిరి. 16 జట్లు వచ్చెను. తుది యాట సమమై అదనపు కాలమునకు సాగగా ఆస్ట్రేలియా న్యూజీలండును 15–10తో ఓడించెను. అదే సంవత్సరము అక్టోబరు 9వ తేదీన కోపెన్‌హేగెన్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము, 81 ఓట్లు అనుకూలముగా, 8 ఓట్లు ప్రతికూలముగా, 2016 ఒలింపిక్ క్రీడలలో ఏడుగురి రగ్బీని చేర్చుటకు నిశ్చయించెను. 1924 పారిస్ క్రీడల పిమ్మట రగ్బీకి ఒలింపిక్కులలో చోటు లేదు. నాడు ఆడినది పురుషులు మాత్రమే. తిరిగి వచ్చునపుడు పురుషులకు 12 జట్లు, స్త్రీలకు 12 జట్లు అని సరిసమానముగా ఏర్పాటయ్యెను. నలుగురు స్త్రీలు ఉత్తరములు వ్రాసికొని పోటీ జరిపిన నాటికి, దీనికి నడుమ గడచినది 18 సంవత్సరములు మాత్రమే.

ఒలింపిక్ పతకమనగానే దేశములలో చలనము కలిగెను. న్యూజీలండు రగ్బీ సంఘము 2012లో దేశమంతట తిరిగి, ఏ యాట ఆడినవారైనను సరే రండని స్త్రీలను పరీక్షలకు పిలిచెను. అట్లు దొరకినవారిలో పోర్షియా వుడ్‌మన్ ఒకతె. ఆమె తండ్రి న్యూజీలండు జాతీయ జట్టున రగ్బీ ఆడినవాడు. ఆమె మాత్రము అంతవరకు నెట్‌బాల్ అను స్త్రీల ఆటలో పేరు పొందినది. వారి నాయకురాలైన సారా గాస్ వ్యవసాయక్షేత్రమున పెరిగిన పిల్ల. ఆస్ట్రేలియాలోను ఇట్లే జరిగెను. ఆ జట్టు నాయకురాండ్రు ఇద్దఱు: షార్ని విలియమ్స్ బాట్లో యను చిన్న యూరినుండి వచ్చి మోటారు బండ్లు బాగుచేయు పని నేర్చినది, షానన్ ప్యారీ పాఠశాలలో ఉపాధ్యాయిని. ఎమ్మా టొనెగాటో రగ్బీ లీగు అను వేఱొక ఆటలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోనిది. క్లోయీ డాల్టన్ బాస్కెట్‌బాల్ ఆడినది. వీరి నందఱిని సిడ్నీ యొద్దనున్న నారబీన్ అను చోట చేర్చి, జీతమిచ్చి, ఆటయే వృత్తిగా శిక్షణ నిచ్చిరి. శిక్షకుడు టిమ్ వాల్ష్.

ఇచ్చట ఒక్క మాట గమనింపవలెను. ఈ స్త్రీల బలము 2009లో ఆకాశమునుండి ఊడిపడలేదు. బండ్లు బాగుచేయు చేతులలోను, బడిలో పాఠము చెప్పు పిల్లలోను, పొలమున పెరిగిన పిల్లలోను అది పూర్వమే యున్నది. లేనివి మూడే: ఆడుటకు చోటు, తిండికి జీతము, నీవు ఆడవచ్చునని చెప్పు పెద్దల మాట. ఆ మూడును సమకూడగా ఏడేండ్లలో ఏమి జరిగినదో ఇక చెప్పబోవు పోటీవత్సరము చూపుచున్నది.

2012లో అంతర్జాతీయ సంఘము స్త్రీలకు ఏటేట జరుగు పోటీల వరుస నొకదానిని ప్రారంభించెను. పలు దేశములలోని పట్టణములలో వేఱువేఱుగా పందెములు జరుగును. ప్రతి పట్టణములోను మొదట నిలిచిన జట్టునకు 20, రెండవదానికి 18, మూడవదానికి 16, నాల్గవదానికి 14, ఇట్లు పాయింట్లు వచ్చును. అప్పట్లో వత్సరాంతమున మొత్తము కూడి, ఎక్కువ వచ్చినవారిని విజేతలుగా చాటుచుండిరి. ఒక్కనాటి అదృష్టముచే గెలువదగిన పోటీ కాదది. నెలల తరబడి నిలకడ కావలసియుండెను. మొదటి మూడు వత్సరములును న్యూజీలండు స్త్రీలే గెలిచిరి. కావున 2015 డిసెంబరులో నాల్గవ వరుస ప్రారంభమగునాటికి వారిని మించువారు లేరని లోకుల నమ్మకము.

మొదటి పందెము దుబాయిలో. ఆస్ట్రేలియా జట్టు తుది యాటలో రష్యాను గెలిచెను. 2016 ఫిబ్రవరిలో బ్రెజిల్ దేశమున సావో పావ్లో నగరమున కెనడాను గెలిచెను. ఏప్రిల్‌లో అమెరికా దేశమున అట్లాంటాలో న్యూజీలండునే తుది యాటలో ఓడించెను. మూడు పందెములకు మూడును గెలిచి 60 పాయింట్లు కూర్చుకొనెను. వారము తిరుగగానే కెనడాలోని లాంగ్‌ఫర్డ్ పట్టణమున నాల్గవ పందెము. అచ్చట గెలిచినది ఇంగ్లండు. న్యూజీలండుకు మరల రెండవ స్థానము, ఆస్ట్రేలియాకు మూడవది. మే మాసాంతమున ఫ్రాన్సులోని క్లెర్మోఁ-ఫెరాఁలో తుది పందెము. అందు కెనడా ఆస్ట్రేలియాను ఓడించి మొదట నిలిచెను. అయినను లెక్క చూడగా ఆస్ట్రేలియాకు 94 పాయింట్లు వచ్చినవి. న్యూజీలండుకు రెండవ స్థానము, కెనడాకు మూడవ స్థానము. న్యూజీలండు గాక మఱియొక దేశము ఈ వరుసను గెలుచుట అదియే ప్రథమము.

ఈ అంకెలలో ఒక విశేషము కలదు. ఐదు పందెములలో గెలిచిన దేశములు మూడు: ఆస్ట్రేలియా, ఇంగ్లండు, కెనడా. మూడేండ్లు ఏకచ్ఛత్రముగా ఏలిన న్యూజీలండు ఒక్కటియు గెలువలేదు. వారి ఆట చెడి గాదు, ఇతరులు ఎదిగిరి. చోటు దొరకినచో ఎదుగువారు ఒక్క దేశముననే యుండరని దీనివలన తేలినది.

తరువాత ఒలింపిక్ క్రీడలు. 2016 ఆగష్టు 6వ తేదీన రియో డి జనీరో నగరమున డెయొడోరో క్రీడారంగమున స్త్రీల పోటీ ప్రారంభమయ్యెను. పురుషుల పోటీకన్న ముందుగా స్త్రీలదే జరిగెను. ఫ్రాన్సు, స్పెయిను జట్లకు మొదటి యాట. ఫ్రాన్సు దేశస్థురాలు కమీయ్ గ్రాసినో మొదటి ట్రై చేసెను. 92 సంవత్సరముల పిమ్మట ఒలింపిక్కులకు తిరిగి వచ్చిన రగ్బీలో బంతిని గీత దాటించిన మొదటి చేయి స్త్రీ చేయి. పండ్రెండు జట్లలో కెన్యా, కొలంబియా, జపాను, ఫిజీ దేశములవారును ఉండిరి.

మూడవ దినమున, 8వ తేదీన, తుది యాటకు నిలిచినవారు ఆస్ట్రేలియా, న్యూజీలండు. మొదటి ట్రై న్యూజీలండు స్త్రీ కేలా మెకాలిస్టరుది. టొనెగాటో ట్రైతో ఆస్ట్రేలియా 5–5 చేసెను. అప్పుడు పోర్షియా వుడ్‌మన్ బంతిని బుద్ధిపూర్వకముగా చేతితో ముందుకు కొట్టినదని రిఫరీ ఆమెను రెండు నిమిషములు వెలుపలికి పంపెను. ఏడుగురిలో ఒకరు తగ్గుట యెంత నష్టమో చెప్పనక్కఱలేదు. విరామమునకు ముందు ఇవేనియా పెలీటి ట్రై చేయగా ఆస్ట్రేలియా 10–5తో మించెను. రెండవ భాగమున మఱి రెండు ట్రైలు చేసిరి. అందొకటి షార్లట్ కాస్లిక్‌ది. డాల్టన్ తన్నిన బంతులు స్తంభముల నడుమ పోయెను. 24–5. ఆట ముగిసినదని చూచువారు తలంచిరి. న్యూజీలండు స్త్రీలు మాత్రము అట్లు తలంపలేదు. మెకాలిస్టరు మఱియొక ట్రై చేసెను. కడపటి క్షణమున వుడ్‌మన్, ఏ తప్పునకై బయట కూర్చుండెనో ఆమెయే, బంతితో గీత దాటెను. లెక్క 24–17 కడ నిలిచెను. బంగారు పతకము ఆస్ట్రేలియాకు, వెండి పతకము న్యూజీలండుకు, బ్రిటనును ఓడించిన కెనడాకు కంచు పతకము.

ఓడిన స్త్రీలు కన్నీరు కార్చుచునే మైదానమున నిలిచి, తమ దేశపు మావోరీ జాతివారి ఆచారమైన హాకా నృత్యము చేసిరి. హాకా యనునది కాలు నేల కొట్టుచు, చేతులతో ఱొమ్ము చఱచుకొనుచు, ఒక్క గొంతుతో పలుకు సంప్రదాయ నృత్యము. గెలుపునాడు గాక ఓటమినాడు దానిని చేయుటలో, తాము తలవంచుకొని పోవువారము గామని చెప్పుట కలదు.

ఆ యేడాది ఫలము పతకముతో ముగియలేదు. 2018లో ఆస్ట్రేలియా రగ్బీ సంఘము ఏడుగురి ఆటలో క్రొత్తగా చేరు స్త్రీకిని పురుషునికిని ప్రారంభవేతనము సమానము చేసెను. రియోలో ఓడిన న్యూజీలండువారు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్కులలో ఫ్రాన్సును ఓడించి, 2024లో పారిసున కెనడాను ఓడించి, రెండుమార్లు బంగారు పతకములు గెలిచిరి. సారా గాస్, వివాహానంతరము సారా హిరీని, టోక్యోలో నాయకురాలు. ఆమెయు వుడ్‌మనును రెండు విజయములందును పాల్గొనిరి. 2023–24 వత్సరపు వరుసలో పురుషుల పందెములును స్త్రీల పందెములును అన్ని పట్టణములలోను ఒకేచోట జరిగినవి.

టోక్యోలో కంచు పతకము ఫిజీ స్త్రీలది. ఫిజీ యన్న పేరు మన తెలుగువారికి పరాయిది గాదు. 1903 మొదలుకొని చెన్నపట్టణపు రేవునుండి చెఱకుతోటల కూలికి ఒప్పందముమీద ఓడలెక్కి పోయినవారిలో మన తెలుగు జిల్లాలవారును ఉండిరి. వారి సంతతి నేటికిని అచ్చట కలదు. ఆ చిన్న ద్వీపములలో రగ్బీ యనగా పల్లె పల్లెకు ప్రాణము. 2016లో పురుషులు గెలిచిన బంగారు పతకము ఆ దేశమునకు మొట్టమొదటి ఒలింపిక్ పతకము. ఐదేండ్లకు స్త్రీలు తమ పతకమును దానికి జతచేసిరి.

ఇది పరదేశముల మాట యని త్రోసివేయుటకు వీలులేదు. మన చెడుగుడునే తీసికొనుడు. ఏషియా క్రీడలలో పురుషుల చెడుగుడు 1990లో బీజింగు నగరమున చేరెను. మన దేశమే గెలిచెను. స్త్రీల చెడుగుడు చేరినది 2010లో గ్వాంగ్‌జౌ నగరమున. అప్పుడును మన దేశపు స్త్రీలే గెలిచిరి. చేరిన మొదటిసారియే గెలిచిరి కదా. మఱి నడుమ ఇరువదియేండ్లు వారిని బయట నిలిపినది ఏమి? బలము లేకపోవుట కాదని ఫలితమే చెప్పుచున్నది. ఆ ఇరువదియేండ్లలో వయస్సు మీఱిపోయిన ఆడుపిల్లలకు ఆ పతకము తిరిగి రాదు. యౌవనము వేచియుండదు గదా.

రగ్బీ ఆడవలసినదని నేను మన పల్లెలవారికి చెప్పుట లేదు. దెబ్బల భయము నిజము. ఆడపిల్లను దూరము పంపుటకు తల్లిదండ్రులు జంకుటయు నిజము. బాట్లో వంటి చిన్న యూళ్ల తల్లిదండ్రులకును ఆ భయములు లేకపోలేదు. కాని పిల్ల ఆడునో లేదో నిశ్చయించునది తరచుగా ఆమె బలము గాదు, ఆమె యింటి పెద్ద నోటి మాట. ఎమిలీ వాలెంటైన్ నాటినుండి రియో క్రీడల వరకు 129 సంవత్సరములు పట్టినది. అందులో స్త్రీలు ఆట నేర్చుకొనుటకు పట్టిన కాలము స్వల్పము. వారిని ఆడనిచ్చుటకు పట్టిన కాలమే అధికము. మన యూరి బడి మైదానమున సాయంకాలము ఆడపిల్లలకు ఒక గంట చోటు విడుచుట పెద్దలకు పెద్ద వ్యయము గాదు. ఆ గంటలో ఏమి పండునో ముందుగా చెప్పగలవారు లేరు. చోటిచ్చి చూడవలసినదని మనవి చేసి యీ ప్రసంగము ముగించుచున్నాను.